యథాతథ మండలం

మా ఊరు ఉలవగుంటపాలెంలో కొన్నేళ్ళుగా ఏదీ మారలేదు. మారకూడదని ఉత్తర్వు ఉంది.

దానికి కారణం మా నాయనమ్మ వెంగమ్మ, పక్కింటి నాంచారమ్మ. ఇద్దరికీ నూరేళ్ళు దాటాయి. ఊళ్ళో ఇది ఎవరికీ వార్త కాదు. ఇద్దరూ మురుగుకాలువ గురించి రోజూ పోట్లాడుకుంటారు కాబట్టి, ఇద్దరూ బతికే ఉన్నారన్న సంగతి రోజూ అందరికీ తెలుస్తూనే ఉంటుంది. దీర్ఘాయు పరిశోధనా సంస్థవారికి మాత్రం అది పెద్ద వార్త అయింది. గోడకు గోడ ఆనుకుని ఇద్దరు శతాధిక వృద్ధులు ఉండడం యాదృచ్ఛికం కాదని, ఇక్కడ ఏదో ఒక అంశం పనిచేస్తోందని వారు తేల్చారు. ఆ అంశం ఏమిటన్నది తేలలేదు.

ముందు రక్తంలో వెతికారు. అందరి రక్తంలో ఉండేదే అందులోనూ ఉంది. పరిశోధన పరిధిని నీటికి విస్తరించారు. తరువాత మట్టికి, తిండికి, నిద్రకు. దొరకని ప్రతిచోటా పరిధి పెరిగింది. చివరికి సంస్థ డైరెక్టరు డాక్టర్ నిరంజనరావు గారు స్వయంగా వచ్చి పంచాయతీ ఆఫీసులో సమావేశం పెట్టారు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి, పైగా వెంగమ్మ మనవణ్ణి కాబట్టి, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

"కారణం ఏదో తెలియనంత వరకు ప్రతిదీ కారణమే" అన్నారాయన. "కనుక ప్రతిదీ పరిరక్షణీయమే. ఈ క్షణం నుంచి తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు ఈ గ్రామం యథాతథ మండలం."

సర్పంచి బసివిరెడ్డి గారు లేచి చప్పట్లు కొట్టారు. తరువాత నెమ్మదిగా అడిగారు.

"మరి రోడ్డు సార్? టెండరు కూడా అయిపోయింది. కంకర వచ్చి పడుంది."

"ఆ గుంతల్లో నడవడం వల్లనే వీరి కీళ్ళు ఇంతకాలం పనిచేశాయేమో! మీరు కాదని చెప్పగలరా?"

"చెప్పలేను సార్."

"నేనూ చెప్పలేను. అదే శాస్త్రం."

కంకర తిరిగి వెళ్ళింది. దోమల మందు కొట్టే బండిని పొలిమేరలోనే ఆపేశారు. కరెంటు లైన్‌మన్ ఎవరికీ చెప్పకుండా వోల్టేజి సరిచేసినందుకు మెమో తీసుకుని, మళ్ళీ పాత స్థాయికి దించి వెళ్ళాడు. 'శతాయు గ్రామానికి స్వాగతం' అని పెద్ద బోర్డు చేయించారు గానీ, అది కొత్త వస్తువు కాబట్టి ఊళ్ళో పాతడానికి వీలు లేకపోయింది. పక్క ఊళ్ళో పాతి, మా వైపుకు బాణం గుర్తు వేశారు. ఆ బోర్డు చూసి చాలామంది పక్క ఊరి ముసలివాళ్ళతో ఫోటోలు దిగి వెళ్ళారు.

మురుగుకాలువ తగాదాను పెద్దమనుషులు ఒక ఆదివారం కూర్చుని తేల్చేశారు. సంస్థవారు సోమవారమే వచ్చి ఆ తీర్పును రద్దు చేశారు. 'అట్టి వివాదమును పరిష్కరించుటకు ఏ వ్యక్తికిని అధికారము లేదు' అని కాగితం అంటించారు. నాయనమ్మ ఆ కాగితంలో ఏముందో నాతో చదివించుకుని, "గవర్నమెంటు కూడా నా పక్షమే" అని గోడవతలికి వినబడేట్టు చెప్పింది.

మా ఇంట్లో కూడా పరిధి విస్తరించింది. వంటింట్లో, వసారాలో శబ్దాలు పట్టే యంత్రాలు బిగించారు. నా భార్య సుభాషిణి రోజూ నాయనమ్మకు రాగిజావ కాచి ఇచ్చేది. రోజూ అందులో ఉప్పు ఎక్కువయ్యేది. నాయనమ్మ రోజూ తిట్టేది. ఒకరోజు డైరెక్టరు గారు వచ్చినప్పుడు సుభాషిణి ఆయన్ను అడిగింది.

"ఇన్నాళ్ళకు నా చెయ్యి కుదురుతా ఉంది సార్. ఉప్పు తగ్గిస్తే తప్పా?"

"తప్పమ్మా. జావ అంశం ముప్పై ఒకటి. తిట్టు ముప్పై రెండు. రెండూ అవినాభావాలు."

"విన్నారుగా" అంది నాతో. "నా జావకు ప్రభుత్వ రక్షణ వచ్చింది. ఇంక మీరు గూడా ఏమీ అనేదానికి లేదు."

ఆ ఏడాది వానలకు సుభాషిణికి జ్వరం వచ్చింది. దోమల జ్వరమే. మూడో పూటకు మాట తడబడింది. అంబులెన్సు పొలిమేర దాకా వచ్చి గుంతలో దిగబడింది. డ్రైవరు తప్పేమీ లేదు. గుంతలు పరిరక్షణలో ఉన్నాయి. నాయనమ్మ నిద్ర లేవకముందే మంచం మీద పెట్టుకుని నలుగురం పెద్దరోడ్డు దాకా మోసుకెళ్ళాం. పట్నం ఆస్పత్రిలో పడక దొరికే లోపల అయిపోయింది. ఆమె వయసు నలభై ఎనిమిది. కాబట్టి ఆమె పరిశోధన పరిధిలోకి రాదు.

డైరెక్టరు గారు ఆస్పత్రికే వచ్చారు. నా చేయి పట్టుకున్నారు.

"చాలా బాధాకరమైన విచలనం మాస్టారూ."

నేను తల ఊపాను.

"వెంగమ్మ గారికి ఈ సమాచారం చేరిందా?"

"ఇంకా లేదండి."

"చేరరాదు. నూరేళ్ళ మనిషికి ఆకస్మిక దుఃఖం అనేది నియంత్రణ లేని అంశం. ఆవిడ దృష్టిలో మీ శ్రీమతి యథాతథంగా ఉండాలి. మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకోగలరు."

చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఆస్పత్రి నుంచి శవాన్ని మా ఊరికి కాకుండా సుభాషిణి పుట్టింటికి తీసుకెళ్ళాను. జరగవలసినవి అక్కడ జరిగాయి. సుభాషిణికి జ్వరం తగ్గిందని, వాళ్ళ అన్నకు బాగాలేక చూడడానికి వెళ్ళిందని నాయనమ్మతో చెప్పాం.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కోడలు ఎక్కడ పోయినా ఆమె శోకం అత్తింట్లోనే లేవాలి. ఆ ఇంటి పెద్ద ఆడమనిషి ముందు ఎత్తుకోవాలి. పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, వాళ్ళు చేసినవీ చేయనివీ ఒక్కొక్కటి చెప్పుకుంటూ ఏడవాలి. ఆమె గొంతు లేచాకే మిగతావాళ్ళ గొంతులు లేస్తాయి. అంతకుముందు ఎవరు ఏడ్చినా అది కళ్ళు తుడుచుకోవడమే గానీ శోకం కాదు. శోకం లేవనిదే మనిషి పోయినట్టు మావాళ్ళు ఒప్పుకోరు.

ఊళ్ళో ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. నోట్లో కొంగు కుక్కుకుని వసారాలో కూర్చున్నారు. నాయనమ్మను మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. జొన్నలు ఎండబోయాలంటూ ఒకరి తరువాత ఒకరు లేచి వెళ్ళారు. చాకిరేవు వీధి పోలేరమ్మ గుమ్మం దాటాక నా దగ్గర ఆగింది.

"ఇక్కడ ఇరుక్కుపోయిందయ్యా మాస్టారూ" అని గొంతు చూపించింది. "మింగలేను, కక్కలేను. ఎన్నాళ్ళిట్టా?"

తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కొన్నాళ్ళకు పొలిమేరలో సంస్థవారి బండిలోంచి ఒక మనిషి దిగింది. పేరు దీవెనమ్మ. ఆమె ఉద్యోగం పేరు 'గృహిణీ అంశం, ప్రత్యామ్నాయం, ఔట్‌సోర్సింగ్'. యంత్రాల్లో పట్టిన సుభాషిణి మాటలన్నీ వినిపించి, పట్నంలో ఆమెకు శిక్షణ ఇచ్చారు. నాయనమ్మకు చూపు ఎటూ మసకే. మనిషి ఆకారం, చీర రంగు తెలుస్తాయి. అంతవరకు సంస్థవారు సరిపోల్చారు.

"ఏమీ అనుకోబాకండి మాస్టారూ" అంది దీవెనమ్మ మొదటిరోజే. "నాకు ముగ్గురు పిల్లలు. మా ఆయనకు చెప్పే వచ్చినా. పొద్దుగూకేసరికి బస్సెక్కాల."

మరునాడు పెరట్లో ముఖం కడుక్కుంటున్నాను. వంటింట్లోంచి, "నాయనమ్మా, కాస్త గమ్మునుండు, జావ పొంగిపోతా ఉంది" అని వినిపించింది. తువ్వాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళాను.

వారం తిరిగేసరికి డైరెక్టరు గారు నన్ను పిలిపించారు.

"మాస్టారూ, దీవెనమ్మ పనితీరు సంతృప్తికరం. లోపం మీ వైపు ఉంది."

"ఏం చేశానండి?"

"పాత రికార్డుల్లో మీ శ్రీమతి ఏమన్నా మీ ప్రతిస్పందన అత్యధిక సందర్భాల్లో 'ఊ'. ఇప్పుడు మీరు 'సరేనండి' అంటున్నారు. మీరు మీ శ్రీమతిని 'అండీ' అన్న దాఖలా ఒక్కటి కూడా లేదు."

"ఆమె వేరే మనిషి గదండీ."

"శాస్త్రీయంగా కాదు."

ఆ రోజు నుంచి నేను 'ఊ' అనడం సాధన చేశాను. మనిషి లేనప్పుడు అది చాలా కష్టమైన మాట.

ఇంతలో నాయనమ్మ మారడం మొదలుపెట్టింది. తిట్టడం మానేసింది. నాంచారమ్మ గోడ మీదుగా ఎంత రెచ్చగొట్టినా పలకలేదు. జావ సగం తాగి గిన్నె పక్కన పెట్టేది. నేను దగ్గరికి వెళితే గోడవైపు తిరిగి పడుకునేది. నేను నీళ్ళిస్తే తాగేది కాదు.

నాకు భయం వేసింది. నేనే వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం! ప్రశాంతత! మితాహారం! మౌనం!"

"మనిషి చిక్కిపోతోందండి. ఏదీ మారకూడదన్నారు గదా, ఇది మార్పు కాదా?"

"మీరు పొరబడుతున్నారు. మనం చేసేది మార్పు. దానంతట అది జరిగేది ఫలితం."

ఆ ఫలితం మీద ఆయన విదేశంలో ఒక సదస్సుకు వెళ్ళి ప్రసంగించి వచ్చారు. ఆ నెలలో నాయనమ్మ కూర్చోబెడితే గానీ కూర్చోలేని స్థితికి వచ్చింది. ఉన్న ఒక్క మనిషీ నా కళ్ళముందే ఇట్లా పోతే, సుభాషిణికి ఇక శోకం లేపేవాళ్ళే ఉండరు. నాకు రోజంతా ఇదే ఆలోచనగా ఉండేది. పాఠం మధ్యలో ఆగిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి దీవెనమ్మ గుమ్మంలోనే ఎదురైంది. ముఖం కందగడ్డలా ఉంది.

"రేపణ్ణుంచి నేను రాను మాస్టారూ. నాకీ ఉద్యోగం వద్దు."

"ఏమైందమ్మా?"

"ముసలమ్మ ఇయ్యాల నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'చూస్తే మంచిదానిలాగున్నావు, ఇంకోదాని కాపురంలోకి ఎందుకొచ్చావే? మావాడు మాస్టరుద్యోగం చూపించి లోబరుచుకున్నాడా?' అంది."

నేను చేతిసంచి అరుగు మీద పెట్టాను.

"మీరు ఆమెను పుట్టింటికి తరిమేసి నన్ను తెచ్చి పెట్టుకున్నారని మొదటిరోజు నుంచే అనుకుంటందంట. జావలో ఉప్పు సరిగ్గా పడిందంట, అందుకని. నేనేం చెయ్యను, ఎక్కువెయ్యమన్నా నా చెయ్యి రాదు! ఈ మాట బయటికి పొక్కిందనుకో, మా ఆయన నన్ను నరికి పోగులు పెడతాడు. మీరు నిజం చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నాయనమ్మ మంచం పట్టె మీద కూర్చున్నాను. ఏ మాట వాడాలని చాలాసేపు ఆలోచించాను. కాలం చేసింది, కన్నుమూసింది, దాటిపోయింది, మనకు లేదు. ఇవన్నీ ముందే తెలిసినవాళ్ళతో అనే మాటలు.

"నాయనమ్మా, సుభాషిణి చచ్చిపోయింది."

ఆమె గోడవైపు నుంచి ఇటు తిరిగింది. నాతో మాట్లాడి చాలా రోజులైంది.

"దాన్ని ఇంట్లోంచి తరిమింది చాలక చంపేస్తన్నావా నోటితో?"

"నిజం, నాయనమ్మా."

"నీ అబ్బ గూడా ఇట్టాంటి పని చెయ్యలేదు గదరా! థూ!"

దీవెనమ్మ వచ్చి మంచం దగ్గర కింద కూర్చుంది. "నిజమే నాయనమ్మా. నేను సంస్థ మనిషిని. నాకు మొగుడున్నాడు, ముగ్గురు పిల్లలున్నారు. ఆమె మాటలు నాకు నేర్పించి పంపిచ్చారు, నీకు తెలవకుండా."

నాయనమ్మ చేయి చాపి ఆమె ముఖం తడిమింది. ముక్కు, చెవులు, మెడ. మెడలో దారానికి ఉన్న చిన్న శిలువ దగ్గర చేయి ఆగింది.

"ఎప్పుడు పోయింది?"

"వానలప్పుడు" అన్నాను. "జ్వరం వచ్చి."

"శోకం ఎవురెత్తుకున్నారు?"

"ఎవరూ ఎత్తుకోలేదు."

"నేను బతికుండగానా?"

"నీకు చెప్పొద్దన్నారు. నీ ఆరోగ్యానికి మంచిది కాదని."

"తగలెయ్యి నా ఆరోగ్యం!" అంది నాయనమ్మ. "లేపరా నన్ను. వసారాలోకి పట్టుకెళ్ళు."

నేనూ దీవెనమ్మా చెరొక వైపు పట్టుకుని తీసుకెళ్ళి వసారాలో కూర్చోబెట్టాం. ఆమె ముడి విప్పుకుంది. ఉన్న నాలుగు వెంట్రుకలు భుజాల మీద పడ్డాయి. చేత్తో నేలను చరిచింది.

"ఓ నా తల్లీ సుబాసిణీ! జావ కాయడం రాకముందే పోయావా తల్లీ! ఉప్పెక్కువైందని తిట్టానే గానీ ఒక్క పూటన్నా తాగకుండా ఉన్నానా తల్లీ! నీ చేతి ఉప్పు తిని నేను నూరేళ్ళు దాటితినే, నువ్వు యాభై చూడకపోతివే నా తల్లీ!"

గోడవతల గిన్నె కింద పడిన చప్పుడైంది. నాంచారమ్మ గొంతు లేచింది. తరువాత ఎదురింట్లో. ఆ తరువాత వీధి చివర. పొలాల్లో ఉన్నవాళ్ళు కొడవళ్ళతోనే వచ్చారు. పోలేరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి నాయనమ్మ మెడ కౌగిలించుకుంది. నాంచారమ్మను ఇద్దరు పట్టుకుని మురుగుకాలువ దాటించి తెచ్చారు. దీవెనమ్మ తాను డ్యూటీలో ఉన్న సంగతి మరిచిపోయి అందరికన్నా గట్టిగా ఏడ్చింది.

నేను మెట్టు మీద కూర్చున్నాను. మా పద్ధతిలో మగవాళ్ళకు గొంతు లేదు. వినడమే. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. సుభాషిణి చేసినవీ చేయనివీ వాళ్ళు ఒక్కొక్కటి చెబుతుంటే, కొన్ని నాకు తెలియనివి కూడా ఉన్నాయి.

మరునాడు ఉదయమే డైరెక్టరు గారు వచ్చారు. బండి ఊళ్ళోకి తేరాదు కాబట్టి గుంతలు దాటుకుంటూ నడిచి వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

"మాస్టారూ! ఎంత పని చేశారు! ఇన్నేళ్ళ పరిశోధన!"

"ఆమెకు తెలియాల్సి వచ్చిందండి."

"తెలియడమా! నిన్న మధ్యాహ్నం యంత్రాలన్నీ ఒకేసారి మోగాయి. ఇద్దరినీ ఇప్పుడే పరీక్షించాలి. బహుశా ఆలస్యమైపోయింది."

నాయనమ్మ అప్పుడు, రానన్నా మళ్ళీ వచ్చిన దీవెనమ్మ కాచిన జావ రెండో గిన్నె తాగుతోంది. డైరెక్టరు గారు ఆమె చేతికి పట్టీ చుట్టి అంకెలు చూశారు. మళ్ళీ చుట్టి మళ్ళీ చూశారు. గోడ దూకినంత వేగంగా నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చారు. మెల్లగా అరుగు మీద కూర్చున్నారు.

"రక్తపోటు తగ్గింది" అన్నారు. "ఇద్దరికీ. నాడి కుదుటపడింది. నిద్ర గాఢంగా ఉంది. ఆహారం రెట్టింపయింది." గొంతు తగ్గించి, "మాస్టారూ, దొరికింది. శోకమే ఆ అంశం. పరిధిని విస్తరించాలి" అన్నారు.

"సంతోషమండి" అన్నాను. ఏమనాలో తెలియక.

"కానీ ఒక్కసారి జరిగితే అది నిర్ధారణ కాదు. పునరావృతం కావాలి." ఆయన నాయనమ్మ వైపు వంగారు. "అమ్మా, నిన్న చేసినట్టే వచ్చే వారం మరొకసారి చేయగలరా?"

"ఏం చెయ్యాల?"

"శోకం అమ్మా. అదే సమయానికి."

"ఎవురు చచ్చారని?"

"ఎవరూ చావనవసరం లేదు. పరిశోధన కోసం."

"ఊరికినే ఎవురన్నా ఏడుస్తారంటయ్యా? పిచ్చిగానీ పట్టిందా నీకు?"

డైరెక్టరు గారు ఆ మాటను తీవ్రంగా ఆలోచించారు. "నిజమే" అన్నారు నాతో. "కృత్రిమ శోకం నమూనాను కలుషితం చేస్తుంది. నిజమైన సంఘటన ఉండాలి. నియమిత కాలవ్యవధిలో, సన్నిహిత బంధువు." కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. "మీ ఇంట్లో ఇంకెవరున్నారు మాస్టారూ?"

"నేనొక్కణ్ణే ఉన్నానండి."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. ఆ చూపులో చెడు ఏమీ లేదు. నిజమైన ఆసక్తి ఉంది.

"మీ ఆరోగ్యం ఎట్లా ఉంటుంది?"

"ఏందిరా ఆయన అడిగేది?" అంది నాయనమ్మ.

నేను దాచే అలవాటు నిన్ననే మానుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టింది. మూతి తుడుచుకుంది.

"ఆయన పేరేంది?"

"డాక్టర్ నిరంజనరావు గారు."

నాయనమ్మ ముడి విప్పుకుంది. చేత్తో నేలను చరిచింది.

"ఓ నా నాయనా నిరంజనరావూ! ఇంత చిన్న వయసులోనే పోయావా నాయనా! నూరేళ్ళ రహస్యం వెతకబోయి యాభై ఏళ్ళకే పోయావా నాయనా! ప్యాంటుకంటిన బురదన్నా కడుక్కోకపోతివే నా నాయనా!"

"అమ్మా! అమ్మా, నేనున్నాను!" అన్నారు డైరెక్టరు గారు.

గోడవతల నాంచారమ్మ గొంతు లేచింది. ఎదురింట్లో లేచింది. ఆడవాళ్ళు వచ్చేస్తున్నారు. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. పెద్దావిడ ఎత్తుకున్నాక అడిగే పద్ధతి లేదు, మధ్యలో ఆపే పద్ధతి అసలే లేదు. పోలేరమ్మ వస్తూనే, "సూదులేసిన చేతులు నాయనా!" అని అందుకుంది.

"మాస్టారూ, చెప్పండి వీళ్ళకు! నేను బతికే ఉన్నానని చెప్పండి!"

"చెప్పవచ్చండి" అన్నాను. "కానీ శోకం లేచాక మావాళ్ళు ఒప్పుకోరు."

ఆయన వెనక్కి వెనక్కి నడిచి మెట్లు దిగారు. వీధిలో ఎదురొచ్చిన ముసలివాడొకడు ఆయన్ను చూసి తలపాగా తీసి పక్కకు తప్పుకున్నాడు. ఆయన నడక వేగం పెంచారు. పొలిమేర దగ్గర గుంతలో ఒక చెప్పు ఉండిపోయింది. దానికోసం ఆగలేదు.

వసారాలో శోకం అట్లాగే సాగుతోంది. నిన్నటి ఏడుపు చాలనివాళ్ళు చాలామంది ఉన్నట్టున్నారు. పోయినవాడు ఊరివాడు కాదు కాబట్టి ఊరి పద్ధతి వర్తించదనుకున్నారో ఏమో, ఈసారి మగవాళ్ళు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకుని వెక్కుతున్నారు. ఎవరూ ఎవరినీ వద్దనలేదు. నేను మెట్టు మీద నుంచి లేచి వెళ్ళి నాయనమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె ఒక చేయి నా వీపు మీద వేసి, రెండో చేత్తో నేలను చరుస్తూనే ఉంది.

నేనూ ఏడ్చాను. నిరంజనరావు గారి పేరు మీద.